కట్టెలు కొట్టే సరదాను పక్క ఆదాయంగా మార్చుకోవాలా? ముందు ఈ లెక్క వేసుకోండి

పెరట్లో కట్టెలు నీటుగా పేర్చి కనబడితే చాలు, చూసినవాళ్ళు అడిగేది ఒకటే: "ఇన్ని ఏం చేసుకుంటారు, అమ్మేయొచ్చుగా?" పక్కింటి అమెరికన్ పెద్దాయన అడుగుతాడు, పండక్కి భోజనానికి వచ్చిన మనవాళ్ళూ అడుగుతారు. ఆ ప్రశ్న మీ బుర్రలో కూడా తిరుగుతుంటే ఇది మీకోసమే.

నేనుండేది న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ లోయలో, పకిప్సీ దగ్గర డచెస్ కౌంటీ. వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు చైన్‌సా, అంటే మోటారు రంపం. ఇంటి వెనక మూడెకరాల్లో సగానికి పైగా చెట్లే, ఇంట్లో కట్టెల స్టవ్ ఉంది. చలికాలమంతా అదే మాకు వెచ్చదనం. మాకు పోగా మిగిలింది అమ్ముతాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను. మిగులు అమ్ముకోవడం మంచి పనే. అమ్మడానికని కొట్టడం మొదలుపెడితే మాత్రం సరదా పోతుంది, డబ్బూ పెద్దగా మిగలదు. ఎందుకో లెక్కతో సహా చెప్తాను. మీ లెక్క వేరుగా తేలితే నిక్షేపంగా ముందుకెళ్ళండి.

అన్నిటికంటే ముందు మీ వీసా

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది. పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ మీరు పని చేయకూడదు. "ఇంకెవరికీ" అన్నదాంట్లో మీ సొంత వ్యాపారం కూడా ఉంది. నగదే కదా, ఎవరు చూడొచ్చారు అనుకోవద్దు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడి, రెండు మూడొందల డాలర్ల కోసం అనుమతి లేని పని చేశారన్న మాట ఫైల్లోకి ఎక్కించుకోవడం ఏం తెలివి? ఎల్-1 (కంపెనీ బదిలీ), ఎఫ్-1 (విద్యార్థి) వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

హెచ్-1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 మీద ఉండి ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఉన్నవాళ్ళు సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు. అయితే కాగితం మీద భార్య పేరు, రంపం పట్టేది మాత్రం హెచ్-1బి మొగుడు అనే ఏర్పాటు కుదరదు. గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉంటే ఈ టెన్షన్ లేదు. అది వచ్చేదాకా కట్టెలు కొట్టుకోండి, కాల్చుకోండి, మిగిలితే పక్కవాళ్ళకు ఊరికే ఇవ్వండి. ఊరికే ఇచ్చిన కట్టెకు మంచి పేరొస్తుంది. రేపు అమ్మడం మొదలుపెట్టినప్పుడు మొదటి కొనుగోలుదారులు వాళ్ళే.

కార్డ్ కొలత చేతికి రావాలి

మా కందుకూరు వైపు కట్టెల అడితిలో కాటా వేసి అమ్ముతారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు కొన్నా, పెళ్ళి వంటలకు కొన్నా బరువే లెక్క. అందుకే కొనేవాడు కట్టె పచ్చిగా ఉందా అని గోటితో గీరి చూస్తాడు, తడి కట్టెకు డబ్బులిస్తే నీళ్ళు కొన్నట్టే కాబట్టి. అమెరికాలో లెక్క ఘనపరిమాణంలో ఉంటుంది. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల లోతు, ఎనిమిదడుగుల పొడవు పేర్చితే ఒక కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు. ఇక్కడ మోసం తడిలో ఉండదు, పేర్పులో ఉంటుంది. వదులుగా, అడ్డదిడ్డంగా పేర్చితే అదే చోటు తక్కువ కట్టెతో నిండిపోతుంది.

ఫేస్ కార్డ్ అనే మాట కూడా వింటారు. ఎదురు నుంచి చూస్తే నాలుగు బై ఎనిమిదే, లోతు మాత్రం ఒక్క కట్టె పొడవు. స్టవ్ కట్టె మామూలుగా 16 అంగుళాలు కోస్తాం కాబట్టి అది కార్డ్‌లో మూడో వంతు. కొనేవాళ్ళలో చాలామందికి ఈ తేడా తెలియదు. తెలియనివాళ్ళకు ఫేస్ కార్డ్ ఇచ్చి కార్డ్ డబ్బులు తీసుకునేవాళ్ళు ఉన్నారు. మీరు అమ్మాలనుకుంటే ప్రకటనలోనే కొలత రాసేయండి: ఇన్ని అడుగుల ఎత్తు, ఇంత పొడవు, ఇంత లోతు. గొడవలు సగం అక్కడే తీరిపోతాయి.

ట్రక్కు సంగతి ఇంకా ముఖ్యం. ఆరున్నర అడుగుల బెడ్ ఉన్న ఎఫ్-150 లాంటి పికప్‌లో అంచుల దాకా పట్టేది సుమారు 62 ఘనపుటడుగులు. చక్కగా పేర్చితే అర కార్డ్‌కు కొంచెం తక్కువ. విసిరేసి నింపితే కార్డ్‌లో మూడో వంతు. పేర్చి నింపొచ్చు కదా అంటారా, బరువు చూడండి. పచ్చి రెడ్ ఓక్ కట్టె ఒక కార్డ్ 2,200 కిలోల పైమాటే. అందులో సగమంటే 1,100 కిలోలు. ఇలాంటి పికప్‌లు చాలావరకు మోయగలిగేది 700 నుంచి 900 కిలోల మధ్య. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన స్టిక్కర్ మీద మీ బండి లెక్క ఉంటుంది, చూసుకోండి. వెనక చక్రాల మీద కూలబడిపోయి, ముందు చక్రాలు తేలిపోతున్న పికప్‌తో ఇక్కడి కొండ దారుల్లో దిగడం నాకు ఇష్టం లేదు. అందుకని ఒక కార్డ్ డెలివరీ అంటే మూడు ట్రిప్పులు. ప్రకటనలో "ఒక కార్డ్, ఉచిత డెలివరీ" అని రాసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు లెక్క: ఒక్కో కట్టె ఎన్నిసార్లు చేతికొస్తుంది?

సరదాగా కొట్టేటప్పుడు మనం ఆనందించేది రెండే పనులు, కోయడం, చీల్చడం. అమ్మకంలో సమయం తినేది ఈ రెండూ కాదు. ఒక కట్టె ప్రయాణం చూడండి. కోసిన మొద్దును బండిలోకి ఎత్తాలి. అక్కడ్నుంచి చీల్చే చోట దించాలి. చీలిన పేళ్ళను పక్కకు వేయాలి. వాటిని పేర్చాలి. ఎండాక ట్రక్కులోకి ఎక్కించాలి. కొన్నవాళ్ళింట్లో దించాలి. పేర్చిపెట్టమంటే మళ్ళీ ఎత్తాలి. ఆరేడుసార్లు. పచ్చిగా ఉన్నప్పుడు రెండు టన్నుల పైన, ఎండాక టన్నున్నర పైన ఉండే సరుకును ఇన్నిసార్లు ఎత్తి దించితే ఒక్క కార్డ్‌కే మీ నడుం మోసింది పది టన్నులు దాటుతుంది.

హైడ్రాలిక్ స్ప్లిటర్ (కట్టెలు చీల్చే యంత్రం) కొంటే ఈ ఆరేడులో ఒక్కటీ తగ్గదు. చీల్చే సమయం తగ్గుతుంది, అంతే. అమ్మకాలు పెంచాలని స్ప్లిటర్ కొనే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఎత్తడాలు తగ్గించే వస్తువులు వేరు: డంప్ ట్రెయిలర్, ట్రాక్టర్ ముందు బకెట్, కట్టెలు విసిరేసి నింపే పెద్ద వైర్ బుట్టలు. స్ప్లిటర్‌ను ట్రక్కు పక్కనే పెట్టి పేళ్ళు నేరుగా ట్రక్కులోకి పడేలా చేసుకుంటే రెండు ఎత్తడాలు తప్పుతాయి. పచ్చి కట్టె అమ్మేవాళ్ళకే ఇది కుదురుతుంది. ధర కూడా పచ్చి కట్టె ధరే వస్తుంది.

ఇక డబ్బు. ఎండిన కట్టె కార్డ్ 300 డాలర్లకు పోతుందనుకుందాం. పెట్రోలు, బార్ ఆయిల్ (రంపంలో చైన్ తిరిగే పట్టీకి పోసే నూనె), చైన్‌లు, ట్రక్కు ట్రిప్పులు కలిపి 45 తీసేయండి. 255 మిగిలింది. స్ప్లిటర్, చైన్‌సా, రక్షణ సామాను కలిపి 2,800 పెట్టారని, ఏడాదికి పది కార్డుల చొప్పున ఐదేళ్ళు వాడతారని అనుకుంటే కార్డ్‌కు 56. ఇప్పుడు 199. కోత నుంచి దింపడం దాకా ఒక్క మనిషికి పది గంటలు అనుకుంటే గంటకు 20 డాలర్లు. మా వైపు 2026లో కనీస వేతనమే గంటకు 16. ఇంకా పన్నులు కట్టలేదు. సొంత వ్యాపారం పన్ను 15.3 శాతం, దాని మీద మీ జీతానికి పైన కలిసే ఆదాయపు పన్ను. 22 శాతం బ్రాకెట్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రాష్ట్ర పన్నుతో కలిపి చివరికి చేతిలో పడేది గంటకు సుమారు 12 డాలర్లు.

ఈ లెక్కలో చెట్టు ఊరికే వచ్చిందనే అనుకున్నాం. లాగ్ ట్రక్కు నిండా దుంగలు కొని తెప్పిస్తే ఏడెనిమిది కార్డులు ఒకేసారి వాకిట్లో పడతాయి, చూడ్డానికి కడుపు నిండుతుంది, కానీ ఆ ఖర్చు కలిపితే గంట కూలి ఇంకా కిందికి పోతుంది.

ఎలాగూ సరదాకు కొట్టేదే కదా, గంట కూలి లెక్కెందుకు అనొచ్చు. నిజమే. మిగులు అమ్మినప్పుడు ఆ మాట చెల్లుతుంది. ఎవరికో నవంబరు 15కల్లా మూడు కార్డులు ఇస్తానని మాటిచ్చి, వర్షంలో తడుస్తూ లోడ్ చేస్తున్నప్పుడు ఆ మాట గుర్తుకు రాదు.

చెట్టు ఎక్కడ్నుంచి వస్తుంది

నది అవతల క్యాట్‌స్కిల్స్ కొండలు నిండా చెట్లే. అక్కడి ఫారెస్ట్ ప్రిజర్వ్ (రాష్ట్రం కాపాడే అడవి భూమి) మీద చెయ్యి వేయకూడదు. 1894 నుంచి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది, ఆ భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని, అక్కడి కలపను అమ్మకూడదని, తీసుకెళ్ళకూడదని. క్యాంపింగ్‌కు వెళ్ళినవాళ్ళు పడిపోయిన ఎండుపుల్లలు ఏరి అక్కడే మంట వేసుకోవచ్చు, అంతే.

మంచి దారి చెట్లు కొట్టే సర్వీసులతో పరిచయం. నరికిన చెట్టును ఎక్కడో పారబోయడానికి వాళ్ళకు ఖర్చవుతుంది, దగ్గర్లో వాకిలి దొరికితే సంతోషంగా దించి వెళ్తారు. ఒప్పుకునే ముందు గట్టిగా చెప్పండి: పైన్ వద్దు, మూడడుగుల వ్యాసం మొద్దులు వద్దు, ఎల్మ్ వద్దు. ఎల్మ్ నార నారగా ఉండి చీలదు, స్ప్లిటర్ కూడా దాన్ని చీల్చదు, పీకుతుంది. ముందే చెప్పకపోతే వాళ్ళకు అడ్డమైనవన్నీ మీ గుమ్మంలో ఉంటాయి.

మా వైపు ఇప్పుడు ఎక్కువగా దొరికేది యాష్ అనే చెట్టు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆసియా పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర మొదట బయటపడింది, 2009కల్లా న్యూయార్క్‌లో కనబడింది. ఇప్పుడు హడ్సన్ లోయలో ఏ రోడ్డు మీద వెళ్ళినా మోడువారిన యాష్ చెట్లే. బెరడు మీద ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. బెరడు ఊడదీస్తే కింద పురుగు తొలిచిన వంకర టింకర దారులు. కట్టెగా యాష్ చాలా మంచిది, పచ్చిగా ఉన్నప్పుడే తేమ తక్కువ, తిన్నగా చీలుతుంది. కానీ చచ్చి నిలబడ్డ యాష్ చెట్టును పడగొట్టడం మీ పని కాదు. ఎండి పెళుసెక్కి ఉంటుంది, కింద కోత వేస్తుంటే ఆ అదురుకు పైనుంచి కొమ్మ విరిగి నెత్తిన పడుతుంది. రోజూ ఎక్కే పనివాళ్ళే చచ్చిన యాష్ ఎక్కడానికి వెనకాడతారు. వాళ్ళు పడగొట్టిన తర్వాత ముక్కలు చేసుకోవడం మన పని. గాలివానకు వంగి, ఇంకో చెట్టుకు ఆనుకుని ఆగిన చెట్ల జోలికీ పోవద్దు.

పదును, పాదాలు, పిడుదులు

పదునున్న చైన్ కోస్తుంటే పెద్ద పెద్ద చెక్క తునకలు ఎగిరి పడతాయి. పిండిలాంటి పొట్టు రాలుతోందంటే మొద్దుబారిందని. అప్పుడు బలం పెట్టి నొక్కకండి, ఆపి ఆకురాయితో పదును పెట్టండి. ఒక్కో పంటికి రెండు మూడు రుద్దుళ్ళు, అన్నీ ముందుకే, ఒకే కోణంలో. మట్టిలో ఒక్క క్షణం తగిలినా పదును పోతుంది, అందుకే దుంగను సగం కోసి దొర్లించి మిగతా సగం కోస్తాం.

తొడలకు చాప్స్ (కోతను తట్టుకునే తొడుగులు), ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్స్, కోతను తట్టుకునే బూట్లు. ఇవి లేకుండా చైన్‌సా స్టార్ట్ చేయకండి. లుంగీ కట్టుకుని చెప్పులతో కొట్టే మన ఊరి గొడ్డలి పని వేరు, ఇది వేరు. బార్ కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం ముఖం మీదికి లేస్తుంది, ఆ లేవడం కంటికి ఆనదు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో గేమ్ ఆఫ్ లాగింగ్ అని ఒక శిక్షణ ఉంది, స్థాయిల వారీగా నేర్పుతారు. స్ప్లిటర్ కంటే ముందు దానికి డబ్బు పెట్టండి.

డచెస్ కౌంటీలో పిడుదులతో (టిక్స్) వచ్చే లైమ్ జబ్బు ఎక్కువ. ప్యాంటు సాక్సులోకి దోపి, ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ళ వెనక, చంకల్లో చూసుకోండి. ఇంకోటి పాయిజన్ ఐవీ అనే విషపు తీగ. దుంగకు గట్టిగా అతుక్కుని, వేళ్ళ నూగుతో బొచ్చుగా ఉండే తీగ కనబడితే చలికాలమైనా సరే ముట్టుకోవద్దు, రంపం పెట్టొద్దు, పొయ్యిలో వేయొద్దు. ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే గతి.

ఎండిందా అంటే ఎండిందని చూపించాలి

ఎండిన కట్టె అని అందరూ రాస్తారు. 20 శాతం లోపు తేమ ఉంటేనే స్టవ్‌లో సరిగ్గా కాలుతుంది, లేకపోతే పొగ గొట్టంలో క్రియోసోట్ అనే తారులాంటి మసి పేరుకుంటుంది. యాష్‌కు, మేపుల్‌కు ఓ ఏడాది చాలు, రెడ్ ఓక్ అయితే రెండేళ్ళు పడుతుంది. డబ్బు రావాల్సిన సరుకు రెండేళ్ళు పెరట్లో కూర్చుంటుందన్న మాట. వ్యాపారం అనుకునేవాళ్ళు దీన్ని లెక్కలో వేసుకోరు.

ముప్ఫై నలభై డాలర్లకు తేమ మీటర్ దొరుకుతుంది. దాన్ని కట్టె పైన గుచ్చితే అది చెప్పే అంకెకు విలువ లేదు, పైన ఎప్పుడూ ఎండే ఉంటుంది. పేర్పు మధ్యలోంచి ఒక లావుపాటి పేడు తీయండి. అప్పటికప్పుడు గొడ్డలితో రెండుగా చీల్చండి. కొత్తగా తెరుచుకున్న ముఖం మీద, మధ్యలో, నార వెంబడి రెండు సూదులూ గుచ్చండి. అక్కడ 18 చూపిస్తే ఇక మాటలక్కర్లేదు. కొనేవాళ్ళ ముందే ఇలా చేస్తాను. ఓక్ అయితే చీల్చగానే కొంచెం పుల్లటి వాసన వచ్చిందంటే మీటర్ కూడా అక్కర్లేదు, ఇంకా పచ్చే.

పేర్పును నేల మీద కాకుండా ప్యాలెట్ల మీద పెట్టండి, పైన మాత్రమే కప్పండి, పక్కలకు గాలి ఆడనివ్వండి. టార్పాలిన్‌తో చుట్టూ చుట్టేస్తే లోపల బూజు పడుతుంది.

యాభై మైళ్ళ గీత

కట్టెతో పాటు పురుగు ప్రయాణం చేస్తుందని న్యూయార్క్‌లో ఒక నియమం పెట్టారు. శుద్ధి చేయని కట్టెను అది పెరిగిన చోటు నుంచి 50 మైళ్ళు దాటి తీసుకెళ్ళకూడదు. అమ్మేవాడు ఎక్కడి కట్టో రాసి కాగితం ఇవ్వాలి. శుద్ధి అంటే కట్టె నడిబొడ్డు దాకా 71 డిగ్రీల సెల్సియస్ వేడిలో 75 నిమిషాలు ఉంచడం. దానికి బట్టీ కావాలి, మనలాంటివాళ్ళ వల్ల కాదు. కాబట్టి న్యూయార్క్ నగరంలో డబుల్ ధర వస్తుందట అని ట్రక్కు నింపుకుని బయల్దేరకండి. పకిప్సీ నుంచి మాన్‌హట్టన్ ఆ గీత దాటి ఉంటుంది.

కార్డ్ కంటే మోపు మేలు

నిజంగా డబ్బు కావాలంటే పెద్ద కొలతల్లో కాదు, చిన్న కొలతల్లో ఉంది. క్యాంప్‌ఫైర్ మోపు ముప్పావు ఘనపుటడుగు ఉంటుంది. ఒక కార్డ్ నుంచి 170 మోపులు తయారవుతాయి. మోపు ఆరు డాలర్లకు పోయినా వెయ్యి దాటుతుంది. మోపులు కట్టడానికి ఇంకో ఎనిమిది తొమ్మిది గంటలు పోతాయి, నిజమే, అయినా లెక్క మెరుగే. బరువులు మోసుకుంటూ ఎవరింటికీ పోనక్కర్లేదు, కొనేవాళ్ళే కార్లో వేసుకుపోతారు. రోడ్డు పక్కన చిన్న స్టాండ్, తాళం వేసిన డబ్బుల పెట్టె చాలు. మీ టౌన్ ఒప్పుకుంటుందో లేదో ముందే టౌన్ హాల్లో అడగండి. కొంతమంది డబ్బు వేయకుండా తీసుకుపోతారు, దానికి రక్తపోటు పెంచుకోకండి.

ఇంకా చిన్నది మాంసం పొగబెట్టుకునే చెక్క. చెర్రీ, హికరీ ముక్కలు, గుప్పెడంత సైజువి, బాగా ఎండినవి. పెరట్లో స్మోకర్ ఉన్న అమెరికన్లు వీటికి బేరమాడరు. పెట్టెలో పట్టే సరుకు, ట్రక్కు అక్కర్లేదు. చెర్రీ చెట్టు ఎవరైనా కొట్టించుకుంటున్నారని తెలిస్తే నేను మిగతా పనులన్నీ పక్కన పెట్టి వెళ్తాను.

మనవాళ్ళు

సంక్రాంతికి పది రోజుల ముందు నా ఫోను మోగడం మొదలవుతుంది. భోగి మంటకు కట్టెలు. అందరికీ ఒక పికప్ నిండా కావాలి, అందరూ "మనలో మనకి ధర ఏంటి" అంటారు. భోగికి నేను డబ్బు తీసుకోను, కాకపోతే రెండు మాటలు చెప్తాను. ఇక్కడ పెరట్లో వేసుకునే మంట ఎత్తు మూడడుగుల లోపు, వెడల్పు నాలుగడుగుల లోపు ఉండాలి, ఎండిన శుభ్రమైన కట్టే వాడాలి. పాత కుర్చీలు, రంగు వేసిన చెక్కలు వేసే ఆచారం ఇక్కడ కుదరదు, చెత్త కాల్చడం రాష్ట్రమంతా నిషేధం. ఆ కొలతకు పికప్ నిండా అక్కర్లేదు, రెండు మోపులు చాలు.

గుడిలో హోమానికి అడిగితే బెరడు తీసి, బొటనవేలంత లావు చీల్చి ఇస్తాను. అది పూర్తిగా గొడ్డలి పని, ఓపిక పని. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చే పని అదే, దానికి ధర కట్టాలని ఎప్పుడూ అనిపించలేదు. మీకూ అలాంటి పని ఒకటి ఉంటే దాన్ని అమ్మకానికి పెట్టకండి.

కాగితాలు

ఇంటి ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటికి ఇంట్లో నడిపే వ్యాపారం వర్తించదు. కట్టెలు కొనడానికి వచ్చినవాళ్ళు మీ పెరట్లో జారిపడితే ఆ భారం మీ మీదే పడొచ్చు. కారు పాలసీ కూడా డెలివరీలకు మెలిక పెట్టొచ్చు. ఏజెంటుకు ఫోన్ చేసి ఏడాదికి ఇన్ని కార్డులు అమ్ముతానని చెప్పి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.

పన్ను విషయంలో రెండు దారులు ఉన్నాయి, మధ్యేమార్గం లేదు. హాబీ అంటే వచ్చిన ఆదాయం చూపించాలి, ఖర్చులు తీసేసుకోలేరు, 2018 నుంచి అంతే. వ్యాపారం అంటే షెడ్యూల్ సి (వ్యాపార లాభనష్టాలు చూపే పన్ను ఫారం), ఖర్చులు తీసేయొచ్చు, మిగిలిన లాభం 400 డాలర్లు చేరితే సొంత వ్యాపారం పన్ను కట్టాలి. రసీదులు ఒక డబ్బాలో వేసుకోవడం మొదటి మోపు అమ్మిన రోజే మొదలుపెట్టండి. న్యూయార్క్‌లో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి కొనే కట్టె మీద రాష్ట్ర అమ్మకం పన్ను లేదు. క్యాంప్‌ఫైర్ మోపుల మీద ఉంది. మోపులు అమ్మాలంటే ముందే సర్టిఫికెట్ ఆఫ్ అథారిటీ (అమ్మకం పన్ను వసూలు చేసే అనుమతి) తీసుకోవాలి.

మొదటి ఏడాది ఎలా మొదలుపెట్టాలి

మీ ఇంటికి రెండు చలికాలాలకు సరిపడా కట్టె పక్కన పెట్టేశాకే అమ్మకం మాట ఎత్తండి. ఆశపడి అంతా అమ్మేసి జనవరిలో ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ ట్యాంక్ నింపించుకుంటే ఇంట్లో మాటలు పడతాయి. మిగిలిన దాంట్లో ఒకటో రెండో కార్డులు, పది మైళ్ళ లోపు, తెలిసినవాళ్ళకు. కొత్తగా ఏ యంత్రమూ కొనకండి. స్ప్లిటర్ కావాలంటే ఒక రోజు అద్దెకు తెచ్చుకుని, పోగేసినవన్నీ ఆ రోజే చీల్చండి. గంటలు ఒక పుస్తకంలో రాసుకోండి. ఫోన్లు ఎత్తిన సమయం, ఫొటోలు పెట్టిన సమయం, "ఇంకా ఉన్నాయా" అని అడిగి మాయమైనవాళ్ళకు జవాబులిచ్చిన సమయం కూడా. చలికాలం అయ్యాక ఆ పుస్తకం చూస్తే నా లెక్కతో మీకు పని ఉండదు.

డెలివరీకి ముందు మూడు విషయాలు మెసేజ్‌లో తేల్చుకోవాలి. ఎక్కడ దించాలి, ట్రక్కు అక్కడిదాకా వెళ్తుందా, పేర్చిపెట్టాలా. పేర్చడానికి వేరే డబ్బు, అదీ ముందే ఒప్పుకుంటేనే. లాన్ మీదుగా రమ్మంటే సెప్టిక్ ట్యాంక్ ఎక్కడుందో అడగండి, దాని పైపుల మీదికి లోడ్ ట్రక్కు ఎక్కితే మీ ఏడాది సంపాదన వాళ్ళ ప్లంబర్‌కే పోతుంది. వసంతంలో మంచు కరిగి నేల మెత్తబడినప్పుడు అసలు తారు రోడ్డు దాటను. బయల్దేరే ముందు పేర్చిన ట్రక్కుకు టేపు పెట్టి ఫొటో తీసి పంపుతాను. వెళ్ళాక నగదు గానీ, ఫోన్లో బ్యాంకు నుంచి నేరుగా పంపే జెల్ (Zelle) గానీ, ట్రక్కు వెనక తలుపు దించకముందే. చెక్కులు తీసుకోను.